టండ్రాలో నీటిపక్షుల లెక్క: చిన్న విమానమా, హెలికాప్టరా, డ్రోనా, ఉపగ్రహమా?

జనవరిలో పులికాట్ గట్టు మీద నిలబడి మేమిద్దరం ఒకే సూదితోక బాతుల గుంపును టెలిస్కోప్‌లో లెక్కపెట్టాం. నేను 550 అని రాసుకున్నాను. మిత్రుడి పుస్తకంలో 400 ఉంది. ఇద్దరం ఏళ్ల తరబడి పక్షులు చూస్తున్నవాళ్లమే. కదలకుండా నిలబడి, తాపీగా లెక్కపెడితేనే ఇంత తేడా వస్తే, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం కిటికీలోంచి లెక్కపెట్టేవాళ్ల సంగతేమిటి అనిపించింది. అప్పటి నుంచి టండ్రాలో, అంటే ఉత్తరధ్రువం చుట్టూ చెట్లు పెరగని చలినేలలో, జరిగే నీటిపక్షుల సర్వేల గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

ఈ మధ్య వైల్డ్‌లైఫ్ చదివే పిల్లలు, డ్రోన్ నేర్చుకున్న కుర్రాళ్లు, అమెరికా, కెనడాల్లో డేటా సైన్స్ చదువుతూ ఇలాంటి ప్రాజెక్టుల వైపు చూస్తున్న మనవాళ్లు ఒకటే అడుగుతున్నారు: "ఇంకా మనుషులు విమానంలో వెళ్లి లెక్కపెట్టడం ఎందుకండీ? డ్రోన్ పంపితే సరిపోదా? శాటిలైట్ ఫొటో కొనుక్కోవచ్చు కదా?" వాళ్లకు జవాబుగా ఇది రాస్తున్నాను.

మన చెరువులకు దీంతో సంబంధం ఉంది. కొల్లేరుకు, పులికాట్‌కు చలికాలంలో వచ్చే సూదితోక బాతులు గుడ్లు పెట్టే నేల ఉత్తరాన టండ్రా దాకా సాగి ఉంటుంది. మన తీరాన బురదలో పరుగులు తీసే లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్‌ల పుట్టిల్లు ఆర్కిటిక్ టండ్రాయే. (తేలినీలాపురంలో మనం "సైబీరియా కొంగలు" అని పిలుచుకునే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు మాత్రం సైబీరియావి కావు. అవి దక్షిణాసియా పక్షులే. ఈ పొరపాటు ఏటా పేపర్లలో వస్తూనే ఉంటుంది.) చలికాలంలో పక్షులు ఎక్కడ నీళ్లుంటే అక్కడికి చెదిరిపోతాయి. కాబట్టి ఒక చెరువులో తగ్గాయంటే మొత్తంగా తగ్గినట్టా, పక్క చెరువుకు వెళ్లినట్టా చెప్పలేం. గూళ్లు పెట్టే చోట లెక్కపెడితే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

ఉదాహరణలు ఎక్కువగా అలస్కా, కెనడాల నుంచే తీసుకున్నాను. అమెరికా, కెనడాలు కలిసి నడిపే, గూళ్లు పెట్టే నీటిబాతుల సర్వే 1955 నుంచి ఒకే పద్ధతిలో సాగుతోంది. రష్యా తూర్పు ఆర్కిటిక్ తీరంలో 1993 నుంచి 1995 వరకు విమాన సర్వే చేశారు గానీ, అది మూడేళ్ల పని.

## ముందు తేల్చుకోవాల్సినవి

పరికరం గురించి ఆలోచించే ముందు పక్షి గురించి ఆలోచించండి. టండ్రాలో నీటిపక్షులు రెండు రకాలుగా పరుచుకుని ఉంటాయి. స్నో గూస్ అనే పెద్దబాతు వేల సంఖ్యలో ఒకేచోట కాలనీ కడుతుంది. తెల్లటి పక్షి, గోధుమరంగు నేల, పక్కపక్కనే గూళ్లు. ఐడర్ బాతులు, నీట మునిగి చేపలు పట్టే లూన్‌లు, టండ్రా హంసలు అలా కాదు. ఒక్కో జంట ఒక్కో మడుగు పట్టుకుని, వేల చదరపు కిలోమీటర్ల మీద చెదిరి ఉంటుంది. మొదటి రకానికి బ్రహ్మాండంగా పనిచేసే పద్ధతి రెండో రకానికి దండగ కావచ్చు.

రెండోది విస్తీర్ణం. అలస్కా ఉత్తర తీరంలోని ఆర్కిటిక్ కోస్టల్ ప్లెయిన్ సర్వే సుమారు 57 వేల చదరపు కిలోమీటర్ల మీద జరుగుతుంది. అలస్కా పడమటి తీరంలోని యూకాన్-కుస్కోక్విమ్ డెల్టా తీరపట్టీ సుమారు 12,800 చదరపు కిలోమీటర్లు. రోడ్లు లేవు. నేలంతా మడుగులే.

మూడోది సమయం. దీన్ని చాలామంది మర్చిపోతారు. జూన్ మధ్యలో ఒక మడుగును ఊహించుకోండి. నడిమధ్యన ఇంకా మంచు పలక తేలుతోంది. అంచున నల్లటి నీళ్లు. ఆ నీళ్లలో ఒక మగ స్పెక్టకిల్డ్ ఐడర్ ఒంటరిగా ఉంది. లేతాకుపచ్చ తల, కళ్ల చుట్టూ నల్ల అంచుతో తెల్లటి కళ్లజోడు పెట్టుకున్నట్టు గుండ్రటి మచ్చలు, తెల్లటి వీపు. విమానంలోంచి ఠక్కున కనిపిస్తుంది. దాని ఆడపక్షి అక్కడికి కొన్ని అడుగుల దూరంలో, ఎండిన గడ్డి రంగులోనే ఉండి, గూటి మీద కదలకుండా కూర్చుని ఉంటుంది. అది కనబడదు. అందుకే సర్వేలో ఒంటరి మగపక్షిని ఒక జంటగా లెక్కిస్తారు. ఆడపక్షి పొదగడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే మగవి సముద్రానికి వెళ్లిపోతాయి. అప్పుడు అదే విమానం అదే మడుగు మీదుగా వెళ్తే ఖాళీ నీళ్లే కనిపిస్తాయి. వసంతం ఆలస్యమైన ఏడాది తేదీలు వెనక్కి జరపాలి, తొందరగా వస్తే ముందుకు లాగాలి. మీరు ఎంచుకునే పద్ధతి ఈ కొద్ది రోజుల్లో మొత్తం ప్రాంతాన్ని ముగించగలగాలి.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: చూడకుండా వదిలేసిన పక్షులెన్నో కొలిచే దారి ఉందా? ఏ పద్ధతిలోనైనా కొన్ని తప్పిపోతాయి. తప్పిపోయిన పాళ్లు తెలిస్తే లెక్క సరిచేసుకోవచ్చు. తెలియకపోతే, ఈ ఏడాది తగ్గింది పక్షులా, చూపా అన్నది తేలదు.

దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది. విమానం ముందు సీట్లో మనిషి 40 జంటలు చూశాడనుకుందాం. వెనక సీట్లో మనిషి, ముందాయన మాట వినకుండా, 30 చూశాడు. రెండు జాబితాల్లోనూ ఉన్నవి 24. అంటే వెనకాయన చూసిన 30లో ముందాయన కంట పడినవి 24, పదింట ఎనిమిది. ముందాయన చూపు పదింట ఎనిమిది అయితే, ఆయన చూసిన 40కి అసలు సంఖ్య 50 అవుతుంది. ఇద్దరూ కలిపి చూసినవి 46, ఇద్దరికీ తప్పినవి 4. పులికాట్‌లో మేం ఇది చేయలేకపోయాం, ఎందుకంటే గుంపులో ఏ బాతు ఏదో విడదీయలేం. టండ్రాలో జంటకో మడుగు ఉంటుంది కాబట్టి కుదురుతుంది. అయితే ఈ ఉపాయానికీ హద్దుంది. పొద కింద పూర్తిగా దాగిన పక్షి ఇద్దరికీ కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే కొన్ని చోట్లయినా కాళ్లకు బూట్లేసుకుని దిగి, గూళ్లు వెతకాల్సిందే. యూకాన్-కుస్కోక్విమ్ డెల్టాలో అలాగే చేస్తారు. యాదృచ్ఛికంగా ఎంచిన చిన్న చిన్న గడుల్లో నడిచి గూళ్లు లెక్కపెట్టి, విమాన లెక్కతో పోల్చుకుంటారు.

ఇక పక్షికి కలిగే బెదురు, మనిషికి ఉండే ప్రమాదం, ఖర్చు, పదేళ్ల తర్వాత కూడా అదే పద్ధతి కొనసాగించగలమా అన్నవి మిగిలిన కొలమానాలు.

## చిన్న విమానం, కిటికీలోంచి మనిషి చూపు

సెస్నా 206, కొడియాక్ లాంటి విమానం. నేలకు 30 నుంచి 45 మీటర్ల ఎత్తు, అంటే పదిపన్నెండు అంతస్తుల భవనం అంత. పైలట్ ఎడమవైపు, పక్కనున్న పరిశీలకుడు కుడివైపు చెరో 200 మీటర్ల పట్టీ చూస్తారు. కనిపించిన పక్షి పేరు, సంఖ్య మైకులో చెబితే, జీపీఎస్ స్థానంతో కలిసి రికార్డవుతుంది. నేలంతా తిరగరు. సమాన దూరంలో గీసిన గీతల మీదే ఎగిరి, ఆ పట్టీల లెక్కను మొత్తానికి పెంచుతారు.

గంటకు 165 కిలోమీటర్లంటే సెకనుకు 46 మీటర్లు. 200 మీటర్ల ముందు కనిపించిన పక్షి నాలుగైదు సెకన్లలో రెక్క కిందకు వెళ్లిపోతుంది. ఆ లోపు ఏ జాతి, మగా ఆడా, ఎన్ని, పట్టీ లోపలా బయటా అన్నీ తేల్చాలి. ఇది ఒకటి రెండు నెలల్లో పట్టుబడే విద్య కాదు. ఎంత అనుభవమున్నా కొన్ని జాతులు విడదీయలేరు. గ్రేటర్ స్కాప్, లెస్సర్ స్కాప్ అనే బాతులను పైనుంచి వేరు చేయలేక రెండింటినీ కలిపి "స్కాప్" అనే రాస్తారు.

మరి ఇది ఇన్నేళ్లు ఎందుకు నిలిచింది? ఆ కొద్ది రోజుల గడువులో, చెదిరిన జంటలను, వేల చదరపు కిలోమీటర్ల మీద చూసి రాగలిగింది ఇదే కాబట్టి. 400 మీటర్ల పట్టీలో ఒక చదరపు కిలోమీటరు చూడటానికి ఒక నిమిషం కూడా పట్టదు. పైగా ఏళ్ల తరబడి లెక్కల వరుస ఉంది. యూకాన్-కుస్కోక్విమ్ డెల్టాలో స్పెక్టకిల్డ్ ఐడర్‌లు 1970ల నుంచి 1990ల తొలినాళ్లకు 96 శాతం తగ్గాయని గుర్తించి, 1993లో వాటిని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. ఏళ్ల తరబడి కొలతలు లేకపోతే అలాంటి మాట అనగలిగేవాళ్లు కాదు.

ఒక బరువైన విషయం కూడా చెప్పాలి. 1937 నుంచి 2000 వరకు అమెరికాలో విధి నిర్వహణలో చనిపోయిన వన్యప్రాణి సిబ్బంది వివరాలు ఒక అధ్యయనం పోగుచేసింది. 91 మంది. వాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది విమాన, హెలికాప్టర్ ప్రమాదాల్లోనే పోయారు. తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగితే తేరుకునే సమయం ఉండదు. కొత్త పద్ధతుల కోసం వెతకడానికి నాకు కనిపించే అతి బలమైన కారణం ఇదే.

## హెలికాప్టర్

నెమ్మదిగా పోగలదు, చుట్టూ తిరిగి మళ్లీ చూడగలదు, మడుగు పక్కన దిగగలదు. గడ్డిలో దాగిన పక్షులను లేపి చూపిస్తుంది కాబట్టి కనబడే పాళ్లు ఎక్కువ. అందుకే కెనడా తూర్పు అడవుల్లో చిన్న చిన్న గడుల సర్వేకు దీన్ని వాడతారు. విమానం లెక్కను సరిచేయడానికి కొన్ని చోట్ల హెలికాప్టర్‌తో మళ్లీ చూసి పోల్చడమూ ఉంది.

ఇబ్బందల్లా ఆ "లేపి చూపించడం"లోనే ఉంది. పొదిగే పక్షి లేస్తే గుడ్లు చల్లబడతాయి, గల్ పక్షులకూ ఆర్కిటిక్ నక్కలకూ దారి దొరుకుతుంది. గంట ఖర్చు కూడా విమానం కంటే బాగా ఎక్కువ. దూరం పోవాలంటే ముందే టండ్రాలో ఇంధనం డ్రమ్ములు దింపి ఉంచాలి. మొత్తం ప్రాంతానికి వాడాలనుకోకండి. విమానం లెక్కకు తోడుగా, కొన్ని గడులకు వాడండి.

## విమానం కింద కెమెరా

స్నో గూస్ కాలనీలకు ఇది కొత్తేమీ కాదు. కెనడా ఆర్కిటిక్‌లో దశాబ్దాలుగా విమానం నుంచి నిలువుగా ఫొటోలు తీసి, వాటి మీద పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఇప్పుడు డిజిటల్ కెమెరాలు, కంప్యూటర్ లెక్కింపు వచ్చాయి.

మేలు రెండు. ఎత్తు పెంచవచ్చు కాబట్టి సిబ్బందికి ప్రమాదం తగ్గుతుంది, పక్షి బెదరదు. ఫొటో మిగిలి ఉంటుంది కాబట్టి అనుమానమొస్తే ఇరవై ఏళ్ల తర్వాతైనా మళ్లీ లెక్కపెట్టవచ్చు. కిటికీలోంచి చూసిన చూపును రెండోసారి పరీక్షించలేం కదా.

లోటు కూడా తెలుసుకోండి. కెమెరా చూసే పట్టీ సన్నగా ఉంటుంది. ఒక సీజన్‌లో పోగయ్యే లక్షల ఫొటోల్లో చాలావాటిలో ఒక్క పక్షీ ఉండదు. వాటిలో ఐడర్ ఎక్కడుందో వెతకడం కంప్యూటర్‌కు అప్పగించాలి. దానికి ముందు మనుషులు కూర్చుని వేల ఫొటోల్లో పక్షులకు గుర్తులు పెట్టాలి. మంచు ముక్క, తెల్లటి రాయి, నీటి మెరుపు, ఇవన్నీ ఆ గుర్తుల నుంచి నేర్చుకున్న కంప్యూటర్ మోడల్‌కు హంసలా కనిపించే రోజులుంటాయి. మనిషి కంటికి కదలిక సాయం చేస్తుంది. నిలిచిపోయిన ఫొటోలో ఆ సాయం లేదు.

## డ్రోన్

కాలనీ అయితే, నా ఓటు దీనికే. హడ్సన్ బే ఒడ్డున లా పెరూస్ బేలో స్నో గూస్ కాలనీల మీద డ్రోన్లు ఎగరేసి, లెక్క ఎలా వస్తుందో, గూటి మీద పక్షి ఎలా ప్రవర్తిస్తుందో కూడా గమనించారు. తక్కువ ఎత్తు నుంచి తీసిన ఫొటోలో ఒక్కో పిక్సెల్ రెండు సెంటీమీటర్లు అనుకుంటే, 70 సెంటీమీటర్ల పెద్దబాతు పొడవు 35 పిక్సెళ్లు. మెడ, రెక్క, కూర్చుందా నిలబడిందా అన్నీ తెలుస్తాయి. కూలిపోతే పోయేది యంత్రమే.

57 వేల చదరపు కిలోమీటర్లకు మాత్రం ఇది నప్పదు. మామూలు మల్టీరోటర్ (పలు పంకాలతో ఎగిరే) డ్రోన్ బ్యాటరీ అరగంట అటూ ఇటూ వస్తుంది, చలికి ఇంకా తగ్గుతుంది. టండ్రా తీరంలో గాలి వదలదు. చాలా దేశాల్లో డ్రోన్ కంటికి కనిపించే దూరంలోనే ఎగరాలన్న నియమముంది. అంటే డ్రోన్‌తో పాటు మీరూ అక్కడికి చేరాలి. చేరడానికి మళ్లీ విమానమో హెలికాప్టరో కావాలి. "డ్రోన్ చవక" అనేవాళ్లు ఈ ఖర్చు కలపడం మర్చిపోతారు.

## ఉపగ్రహ చిత్రం

2014లో వచ్చిన వరల్డ్‌వ్యూ-3 ఉపగ్రహం ఇచ్చే అత్యుత్తమ చిత్రంలో ఒక పిక్సెల్ సుమారు 30 సెంటీమీటర్లు. స్నో గూస్ అందులో రెండు మూడు చుక్కలు. దక్షిణ జార్జియా దగ్గరి దీవిలో పచ్చగడ్డి మీద గూళ్లు పెట్టే వాండరింగ్ ఆల్బట్రాస్‌లను ఇలాంటి చిత్రాల్లో ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగారు. అది చాలా పెద్ద తెల్లటి పక్షి. గోధుమరంగు ఆడ ఐడర్‌ను ఇలా చూడాలనుకోవడం వృథా. పైగా జూన్‌లో ఆర్కిటిక్ తీరాన మబ్బు, పొగమంచు మామూలే.

చెదిరిన జంటల లెక్కకు పనికిరాకపోయినా సర్వేను నిలబెట్టే పని ఉపగ్రహం చేస్తుంది. మంచు ఏ వారంలో కరిగిందో చెబుతుంది, విమానం తేదీ దాన్ని బట్టి పెట్టుకోవచ్చు. పక్షికి తగిలించిన ట్రాన్స్‌మిటర్ అయితే ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. స్పెక్టకిల్డ్ ఐడర్‌లు చలికాలం ఎక్కడ గడుపుతాయో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1995లో ట్రాన్స్‌మిటర్ సంకేతాల వెంట విమానంలో వెళ్లి చూస్తే, బేరింగ్ సముద్రంలో సెయింట్ లారెన్స్ దీవికి దక్షిణాన, మంచు పలకల మధ్య నీటి సందుల్లో కిక్కిరిసి కనిపించాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | చిన్న విమానం | హెలికాప్టర్ | విమానం + కెమెరా | డ్రోన్ | ఉపగ్రహం |
|---|---|---|---|---|---|
| చెదిరిన జంటలు | బాగుంది | చాలా బాగుంది, కొద్ది చోట్లకే | పర్వాలేదు, ఫొటోల పని ఎక్కువ | చిన్న గడులకే | కుదరదు |
| తెల్లటి పక్షుల కాలనీ | అంచనా మాత్రమే | అంచనా, బెదురు ఎక్కువ | చాలా బాగుంది | చాలా బాగుంది | మబ్బు లేకపోతే ప్రయత్నించవచ్చు |
| వేల చదరపు కిలోమీటర్లు | అవును | ఖర్చు మోయలేం | అవును, సన్నటి పట్టీల్లో | కాదు | అవును |
| తప్పినవి కొలవడం | ఇద్దరు పరిశీలకులు, నేల గడులు | అలాగే | మళ్లీ లెక్కింపు, నేల గడులు | నేల గడులతో తేలిక | కష్టం |
| పక్షికి బెదురు | కొంత | ఎక్కువ | తక్కువ | ఎత్తు, జాతిని బట్టి | లేదు |
| మనిషికి ప్రమాదం | ఎక్కువ | ఎక్కువ | ఉంది, కొంత తక్కువ | చాలా తక్కువ | లేదు |

## మీ అవసరం ఏది?

మీరు రెండు మూడేళ్ల రీసెర్చ్ విద్యార్థి అయితే, మొత్తం ప్రాంతం సంఖ్య కోసం పోకండి. ఒక కాలనీ, ఒక డ్రోన్, నేల మీద గూళ్ల లెక్క. ఈ మూడింటితో గట్టి పని అవుతుంది.

వేట పరిమితులు, రక్షణ నిర్ణయాలు మీ సంఖ్య మీద ఆధారపడితే, చిన్న విమానాన్ని వదలకండి. వీలైతే వెనక సీట్లో ఇంకో పరిశీలకుణ్ని కూర్చోబెట్టగల పెద్ద విమానం తీసుకోండి, కింద కెమెరా బిగించండి. ఇంకో మాట. ఆ నేల మీద బతికేవాళ్లకు ముందే చెప్పండి. యూకాన్-కుస్కోక్విమ్ డెల్టాలో ఆదివాసీలైన యుపిక్ ప్రజలకు వసంతకాలపు పక్షి వేట తిండి గింజల లాంటిది. పెద్దబాతులు బాగా తగ్గినప్పుడు 1984లో వేట తగ్గించుకోవడానికి హూపర్ బే ఒప్పందం కుదిరింది అంటే, లెక్కల మీద, లెక్కపెట్టేవాళ్ల మీద వాళ్లకు కొంతైనా నమ్మకం కలగడం వల్లే అని నా అభిప్రాయం. వేట రోజుల్లో నెత్తి మీదుగా చెప్పాపెట్టకుండా విమానం పోతే ఆ నమ్మకం నిలవదు.

డేటా సైన్స్ వైపు నుంచి వచ్చే పిల్లలకు: మీ మోడల్ ఎంత శాతం కరెక్ట్ అన్నదొక్కటే చూడకండి. ఏ పక్షులను వదిలేస్తోందో చూడండి. ఆడపక్షులను ఎక్కువగా వదిలేస్తుంటే, ఒంటరి మగపక్షిని జంటగా లెక్కించే పాత నియమాన్ని మీ పద్ధతికి అలాగే అతికించలేరు. ఒక్క వారమైనా ఆ గడ్డిలో నడిచి గూళ్లు వెతికినవాళ్లతో కూర్చోండి.

మీ మనసు మన తీరానికి వచ్చే లిటిల్ స్టింట్ మీద ఉంటే మాత్రం, పైన చెప్పినవేవీ పనికిరావు. పాతిక గ్రాముల పక్షి అది. టండ్రాలో తీరపక్షులను నడిచే లెక్కపెడతారు. ఉత్తర అమెరికాలో ప్రిజమ్ అనే కార్యక్రమం ఇలాగే సాగుతుంది. ఎక్కువ గడుల్లో వేగంగా ఒకసారి చూస్తారు, కొన్ని గడుల్లో రోజుల తరబడి ఉండి గూళ్లన్నీ వెతుకుతారు, రెండో దానితో మొదటిదాన్ని సరిచేస్తారు. హెలికాప్టర్ మనుషులను దింపడానికే.

## పాతది వదిలి కొత్తదానికి మారాలనుకుంటే

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మొదట్లో చెప్పిన అమెరికా, కెనడాల ఉమ్మడి సర్వే కొవిడ్ వల్ల 2020, 2021లో ఆగింది. 1955 తర్వాత అలా ఆగడం అదే మొదలు. ఆగిన రెండేళ్లను ఖాళీగా వదిలి ముందుకు సాగవచ్చు, ఎందుకంటే 2022లో మళ్లీ అదే పద్ధతితో మొదలుపెట్టారు. ఒక ఏడాది విమానం, మరుసటి ఏడాది కెమెరా అయితే ఆ వరుస రెండు ముక్కలవుతుంది. పక్షులు పెరిగాయా, కెమెరా చూపు పెరిగిందా అన్నది ఎవరూ చెప్పలేరు.

కాబట్టి రెండింటినీ కొన్నేళ్లు కలిపి నడపండి. అదే గీతల మీద, అదే వారంలో. పాత లెక్కకూ కొత్త లెక్కకూ మధ్య నిష్పత్తి ఒక్కో జాతికి విడిగా రాసుకోండి. హంసకు దాదాపు సమానంగా రావచ్చు, ఐడర్‌కు రాకపోవచ్చు. ఆ నిష్పత్తి ఏటా నిలకడగా ఉందో లేదో చూడండి. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాది ఒక్కటైనా ఆ జాబితాలో ఉండాలి. అలాంటి ఏడాది మడుగుల్లో మంచు పలకలు ఎక్కువ, గూళ్లు ఆలస్యం, మగపక్షులు వెళ్లిపోయే తేదీలు వేరు. ఆ ఏడాది వచ్చి వెళ్లేదాకా పాత విమానాన్ని ఆపకండి.